పంచాంగంలో దాచిన టికెట్టు

ప్రియమైన మీకు,

వానలు మీ వైపు సరిగ్గా పడ్డాయా? కిందటి ఉత్తరంలో ఆవకాయకు బూజు పట్టిన సంగతి రాసినందుకు మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబులతో ఓ సంచీ నిండింది. జాడీకి వాసెన కట్టడంలో మనవాళ్ళకు ఇన్ని పద్ధతులున్నాయని నాకిన్నాళ్ళూ తెలియదు. రాజమండ్రి నుంచి ఓ పెద్దావిడ చెప్పినట్టు ఈసారి గుడ్డ రెండు మడతలు వేసి కట్టాను. ఫలితం సంక్రాంతికి గానీ తెలియదు. అప్పుడు రాస్తాను.

ఈ ఉత్తరం ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి. పోయిన నెల మేమిద్దరం తిరువనంతపురం వెళ్ళొచ్చాం. పద్మనాభస్వామి దర్శనం అయ్యాక తూర్పు కోట దగ్గర కాసేపు నిలబడ్డాం. ఆ వీధి చూస్తే మీకూ నవ్వొచ్చేది. మన దగ్గర జాకెట్టు ముక్కలు వేలాడదీసినట్టు అక్కడ లాటరీ టికెట్లు వేలాడదీస్తారు. రంగురంగుల కాగితాలు, వాటికి క్లిప్పులు, ఆ పలక మెడలో వేసుకుని నడిచే ముసలివాళ్ళు, మూడు చక్రాల బండిలో కూర్చుని అమ్మే వికలాంగులు. మధ్యాహ్నం మూడింటికి డ్రా తీస్తారు. మర్నాడు పొద్దున్నే టీ బంకు దగ్గర పేపరు పట్టుకున్న మనిషి మొదటి పేజీ వైపు చూడనైనా చూడకుండా సరాసరి అంకెల పేజీకి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. కేరళ ప్రభుత్వం లాటరీ శాఖ పెట్టింది 1967లో. మొదటి టికెట్టు ఒక్క రూపాయి, మొదటి బహుమతి 50,000. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ లాటరీలు లేవు కాబట్టి మనకు అదంతా తిరనాళ్ళలా కనిపిస్తుంది గానీ, వాళ్ళకు పాలూ పేపరూ లాంటి వ్యవహారమే.

నేనూ ఒక టికెట్టు కొన్నాను. మా ఆయన చూడనట్టు నటించారు.

తిరిగి వెళ్ళడానికి ఆటో ఎక్కాం. డ్రైవరుకు తమిళం వచ్చు. మా ఆయనకు మద్రాసు ఉద్యోగం నాటి తమిళం ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఈ ఊళ్ళోనే ఒక ఆటో డ్రైవరుకు 25 కోట్లు తగిలాయటగా అని అడిగాం. ఆయన వెనక్కి తిరక్కుండానే ఒక్క మాట అన్నాడు: "పావం."

మలయాళంలో పావం అంటే మన 'అయ్యో పాపం'లో పాపమే. పాతిక కోట్లు తగిలిన మనిషిని తలుచుకుని సాటి ఆటో డ్రైవరు అన్న మాట అది. అసూయ లేదు, వెటకారం లేదు. వానలో తడిసిన పిల్లిని చూసి అన్నట్టు అన్నాడు. రైల్లో ఇంటికి వచ్చేదాకా ఆ మాటే నా చెవిలో తిరిగింది. అందుకే ఈసారి మీతో ఈ సంగతే మాట్లాడుదామనుకున్నాను.

ఆ కథ మీలో చాలామంది చదివే ఉంటారు. 2022 ఓణం పండగ బంపరు లాటరీ. టికెట్టు 500 రూపాయలు. 66 లక్షల పైచిలుకు టికెట్లు అమ్ముడుపోయాయి. డ్రాకు ముందురోజు ఆ ఆటో అబ్బాయి టికెట్టు కొనడానికి వెళితే 50 రూపాయలు తక్కువయ్యాయి. కొడుకు కిడ్డీ బ్యాంకు పగలగొట్టి ఆ చిల్లర తీశాడు. మలేషియా వెళ్ళి వంట పని చేసుకుందామని బ్యాంకు అప్పు కూడా సిద్ధం చేసుకుని ఉన్నవాడు. మర్నాడు మొదటి బహుమతి అతనిదే. టీవీ వాళ్ళు వచ్చారు, నవ్వుతూ ఫొటోలు దిగాడు, భార్య పక్కన నిలబడింది. మనం కూడా అంతే కదా చేస్తాం! తీరా ఐదారు రోజులు తిరక్కుండానే అదే మనిషి కెమెరా ముందుకొచ్చి, ఇది రాకపోయినా బావుండేది, మూడో బహుమతితో సరిపోయేది అన్నాడు. తెల్లారేసరికి గుమ్మం ముందు జనం. ఇంట్లో ఉండలేక బంధువుల ఇళ్ళు మారుతూ తిరిగాడు. అప్పటికి డబ్బు చేతికి రానే లేదు.

ఏజెంటు కమీషనూ ఆదాయపు పన్నూ పోగా వచ్చేది 15 కోట్ల 75 లక్షలని అప్పట్లో పత్రికలు లెక్క కట్టాయి. సర్‌ఛార్జి కూడా వేస్తే ఇంకా తగ్గుతుంది. అడగడానికి వచ్చినవాళ్ళకు ఈ తీసివేతలతో పనిలేదు, వాళ్ళ లెక్కలో పాతికా పాతికే. ఒకరికి ఆపరేషను, ఒకరికి కూతురి పెళ్ళి, ఒకరికి సినిమా తీయాలని కోరిక. వచ్చినవాళ్ళంతా దొంగలని నేననను. ఆపరేషను అవసరమైనవాళ్ళు నిజంగానే ఉంటారు. అదే కష్టం. దొంగైతే తలుపు వేసుకోవచ్చు. నిజంగా కష్టంలో ఉన్నవాడి ముందు ఎలా వేసుకుంటాం?

మీరేమంటారో నాకు తెలుసు. "అందుకే ఎవరికీ చెప్పకూడదు" అంటారు. అంతకు ముందు ఏడాది మరొకాయన సరిగ్గా అదే చేశాడు. 2021 ఓణం బంపరు, 12 కోట్లు. ఆయనా ఆటో డ్రైవరే, కొచ్చి దగ్గర మరడు. టికెట్టు తీసుకెళ్ళి బ్యాంకులో అప్పగించి ఊరుకున్నాడు. ఈలోపల గల్ఫులో హోటలు పనిలో ఉన్న వేరే మనిషెవరో ఆ టికెట్టు నాదేనన్నాడు, స్నేహితుడు నా కోసం కొన్నాడన్నాడు. కెమెరాలన్నీ వయనాడులో ఆయన ఇంటికి పరిగెత్తాయి. అసలు విజేత బయటికొచ్చేసరికి ఆ ఇంట్లో సంబరం కూడా అయిపోయింది. గెలవని ఇంటికి గెలిచిన హడావుడి అంతా వెళ్ళి, గెలిచినాయనకు ఓ పూట ప్రశాంతత దొరికింది. ఇంతకన్నా మంచి కథ ఏ రచయితా అల్లలేడు.

కాగితం ఎవరి చేతిలో ఉంటే డబ్బు వారిది. లాటరీ టికెట్టుతో భయమంతా ఇదే. వెనక పేరూ చిరునామా రాసి సంతకం పెట్టేదాకా అది దారిన పడి ఉన్న నోటు లాంటిది. కేరళలో పనికొచ్చిన బెంగాలు కూలీలు టికెట్టు తగలగానే ఇంటికి వెళ్ళకుండా పోలీసు స్టేషనుకు పరిగెత్తిన సందర్భాలున్నాయి, 2016లో ఒకటి, 2023లో ఒకటి. భాష రాని ఊళ్ళో, పదిమందితో పంచుకున్న గదిలో, చొక్కా జేబులో లక్షలు పెట్టుకుని పడుకోగలరా చెప్పండి. వాళ్ళు రహస్యాన్ని నేరుగా ఖాకీ బట్టల చేతిలో పెట్టారు. ఆ తెలివికి నేను దణ్ణం పెడతాను.

ఆ పాతిక కోట్ల గొడవ అయ్యాక అందరూ కొంచెం జాగ్రత్త నేర్చారు. 2023 జనవరిలో 16 కోట్ల క్రిస్మస్ బంపరు గెలిచినవారు పేరు బయటపెట్టొద్దని లాటరీ శాఖను అడిగారు. శాఖ కూడా గెలిచినవాళ్ళను పిలిచి, డబ్బు ఎలా మదుపు పెట్టుకోవాలో తరగతి పెట్టింది. మంచి పనే. కానీ మేనత్త వచ్చి కూర్చుని చెంగుతో కళ్ళొత్తుకుంటే ఏం చెప్పాలో ఆ తరగతిలో చెప్పి ఉంటారని నేననుకోను.

మనవాళ్ళ సంగతి కూడా చూద్దాం. గల్ఫు లాటరీల్లో తెలంగాణ వాళ్ళకు పెద్ద మొత్తాలు తగలడం మీకు తెలిసిందే. 2019లో నిజామాబాద్ జిల్లా రైతొకాయన దుబాయిలో పని దొరక్క తిరిగొచ్చి, భార్య దగ్గర 20,000 తీసుకుని అబుదాబి లాటరీ టికెట్లు కొనిపించాడు. కోటిన్నర దిర్హాములు తగిలాయి. ఆ కబురు వాళ్ళు డ్రా జరిగే వేదిక మీదనుంచే ఫోను చేసి చెబుతారు, లోకమంతా వింటుండగా. దాచుకునే వీలేదీ? పైగా పెట్టుబడి పెట్టిన మనిషి ఇంట్లోనే ఉంది. నాకైతే ఈ కథలో నచ్చింది అదే. మొదటి వాటాదారు ఎవరో మొదటే తేలిపోయింది.

మీలో డల్లాస్‌లో కొడుకు దగ్గరున్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. మీరున్న టెక్సాస్‌లో పది లక్షల డాలర్లు, ఆ పైన తగిలితే పేరు దాచుకునే హక్కు ఉంది. మా మేనకోడలున్న కాలిఫోర్నియాలో లేదు, పేరు చెప్పి తీరాలి. లాటరీ నిజంగానే జరిగిందని, గెలిచిన మనిషి తమ చుట్టం కాదని జనానికి చూపాలి కదా అని ప్రభుత్వాల వాదన. అందులోనూ న్యాయం లేకపోలేదు. 2018లో న్యూ హాంప్‌షైర్‌లో ఒకావిడకు 56 కోట్ల డాలర్లు తగిలాయి. టికెట్టు వెనక సంతకం పెట్టమని రాసి ఉంటే, చెప్పినట్టే బుద్ధిగా పెట్టింది. తీరా చూస్తే, ఒక ట్రస్టు పేరున రాసి ఉంటే తన పేరు ఎవరికీ తెలిసేది కాదట. కోర్టుకెళ్ళింది. పేరు దాచుకోవచ్చు, ఊరి పేరు మాత్రం దాచక్కర్లేదని జడ్జి తీర్పు చెప్పాడు. మెర్రిమాక్ ఆ ఊరు. పాపం, ఆ ఊళ్ళో ఆ నెలలో కొత్త కారు కొన్న ప్రతి ఆడమనిషినీ ఎలా చూసి ఉంటారో!

హైదరాబాదు నుంచి షికాగో వెళ్ళి బట్టల డ్రై క్లీనింగు దుకాణాలు పెట్టుకున్న ఒకాయన సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. 2012లో గీకే టికెట్టు మీద పది లక్షల డాలర్లు వచ్చాయి. పెద్ద అట్ట చెక్కు పట్టుకుని ఫొటో దిగారు. ఆ సొమ్ము వాడుకోకముందే పోయారు. మొదట సహజ మరణమే అన్నారు. బంధువొకరు పట్టుబట్టి మళ్ళీ పరీక్ష చేయిస్తే సయనైడు అని తేలింది. ఎవరు చేశారో ఇంతవరకూ తేలలేదు. ఇక దీని గురించి రాయను.

చైనాలో 2022లో ఒకాయన చేసిన పని గురించి మాత్రం మీ అభిప్రాయం కావాలి. దాదాపు 22 కోట్ల యువాన్లు గెలిచి, తలనుంచి కాళ్ళదాకా పసుపుపచ్చ బొమ్మ వేషం వేసుకుని వెళ్ళి చెక్కు తీసుకున్నాడు. జమైకాలోనూ ఇలా ముసుగులు వేసుకుని వస్తారు గనక అది వింతేమీ కాదు. వింతేమిటంటే, ఆయన భార్యకూ బిడ్డకూ కూడా చెప్పలేదు. తెలిస్తే పని మానేస్తారని, గర్వం వస్తుందని. అందులోంచి 50 లక్షల యువాన్లు దానమిచ్చాడు కూడా. మా ఇంట్లో ఈ వార్త చదివినప్పుడు మా ఆయన "తెలివైనవాడు" అన్నారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆ చూపుకు కారణం ఆయనకు తెలుసు. ఇప్పుడు మీకూ చెబుతాను.

1986. తణుకు. తాలూకాఫీసులు పోయి మండలాఫీసులు వచ్చిన కొత్త. నాన్నగారు అందులో గుమాస్తా. జీతం 1,400. బస్టాండు దగ్గర ఒకతను సైకిలుకు మైకు కట్టి "రేపే డ్రా, రేపే డ్రా" అని అరుస్తుండేవాడు. భూటాన్, సిక్కిం, నాగాలాండ్... భూగోళం పుస్తకంలో తప్ప ఎక్కడా వినని పేర్లన్నీ ఆ సైకిలు మీద ఉండేవి. సిగరెట్టు లేదు, పేకాట లేదు, వారానికి ఒక్క రూపాయి టికెట్టు నాన్నగారి వ్యసనం. అమ్మ దాన్ని గురించి ఏమీ అనేది కాదు, హుండీలో వేసినట్టే లెక్క అనేది.

ఒక గురువారం సాయంత్రం ఆయన గ్రంథాలయంలో పేపరు చూసి ఇంటికొచ్చారు. కాళ్ళు కడుక్కున్నారు, భోంచేశారు, మజ్జిగ రెండోసారి అడిగి మరీ పోయించుకున్నారు. మాకేమీ తెలియదు. టికెట్టుకు 25,000 తగిలింది. దాన్ని ఆయన పంచాంగంలో పెట్టారు, అదీ ఆదాయ వ్యయాల పేజీలో. మీ ఇంట్లో పంచాంగం ఉంటే ఒకసారి ఆ పేజీ తీసి చూడండి. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం, నాలుగూ ఒకేచోట ఉంటాయి. ఆ టికెట్టు మా ఇంటికి ఆ నాలుగూ తెచ్చింది.

పదకొండు రోజులు దాచారు. నోట్లో నువ్వుగింజ నానదని నన్ను తిట్టే మనిషి కాబట్టి, తను మాత్రం బాగానే నానబెట్టారు. ఆఫీసు పని అని చెప్పి విజయవాడ వెళ్ళి టికెట్టు ఇచ్చేసి వచ్చారు. బంధువులకు తెలియలేదు, ఆఫీసులో తెలియలేదు. పట్టుకున్నది వంకాయలమ్మే సూరమ్మ. రోజూ మా వీధిలో గంప దింపే మనిషి. నాన్నగారు ఏనాడూ బేరమాడకుండా కూర కొన్నవారు కాదు. పావలా తగ్గించడానికి పావుగంట నిలబడేవారు. ఆ రోజు అడిగిన ధర చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. సూరమ్మ గంప ఎత్తుకోకుండా అమ్మను పిలిచి, "అయ్యగారికి ఒంట్లో బాగుండలేదా అమ్మా? బేరమాడలేదేం?" అని అడిగింది. పక్కింటి వాళ్ళు విన్నారు. విజయవాడ ప్రయాణం ఒకరికి గుర్తొచ్చింది, సైకిలతని దగ్గర "ఈ ఊరి టికెట్టుకే తగిలింది" అన్న కబురు ఇంకొకరు మోసుకొచ్చారు. రెండు రోజుల్లో ఊరంతా తెలిసిపోయింది.

డబ్బు దాచడం సులువే. డబ్బున్న మనిషి నడక దాచడమే కష్టం.

మూడోరోజు మా బాబాయి వచ్చాడు. అంతకు నెల రోజుల ముందు ఆయన ఎరువులకని 2,000 చేబదులు అడిగితే, నాన్నగారు నిజంగానే లేక లేవన్నారు. అప్పుడు ఆయన ఏమీ అనుకోలేదు. ఇప్పుడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ కాఫీ తెస్తే గ్లాసు పక్కన పెట్టాడు. "అన్నయ్యా, డబ్బు నీది. నేను అడగటానికి రాలేదు. కానీ ఈ మాట నాకు సైకిలు షాపువాడు చెప్పాలా?" అన్నాడు. నాన్నగారి దగ్గర జవాబు లేదు. కాఫీ చల్లారిపోయింది. బాబాయి కండువా దులుపుకుని లేచాడు. మళ్ళీ నాలుగేళ్ళు మా గడప తొక్కలేదు. నా పెళ్ళికి అమ్మ స్వయంగా వాళ్ళ ఊరెళ్ళి పిన్నికి బొట్టు పెట్టి, చేతులు పట్టుకుని పిలిస్తే వచ్చాడు.

కోతలన్నీ పోయి చేతికొచ్చింది 17,000 చిల్లర. ముందుగదికి పెంకులు తీసి డాబా వేయించారు. మిగిలింది చేబదుళ్ళకు పోయింది. ఐదుగురు తీసుకున్నారు, ఒక్కరు తిరిగిచ్చారు. ఇవ్వని నలుగురూ వీధిలో ఎదురైతే మొహం తిప్పుకునేవాళ్ళు. అప్పిచ్చినవాడు బాకీ వసూలుకు వస్తాడేమోనన్న భయం మరి. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దల సామెత ఒకటుంది, అది మర్యాదగా ఉత్తరంలో రాసేది కాదు. మీకు తెలుసు.

నాన్నగారు పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే ఆ ఏటి పంచాంగం దొరికింది. పాత పంచాంగాలు ఎవరూ దాచుకోరు, అది మాత్రం ఉంది. ఆ కథ తలుచుకుని నేను నవ్వుతుంటే అమ్మ అంది, "ఆ టికెట్టు నేను మర్నాడు శుక్రవారమే చూశాను. దేవుడి గూడు దులుపుతుంటే జారి కిందపడింది. ఆ పేజీలోనే పెట్టేశాను." నాకు నోట మాట రాలేదు. మరి అడగలేదేమే అన్నాను. "చెబుతారేమోనని చూశాను" అంది. అంతే అంది. పంచాంగం మళ్ళీ ట్రంకులో పెట్టేసింది.

అదండీ, చైనా మనిషిని మెచ్చుకున్నందుకు మా ఆయన వైపు నేను చూసిన చూపుకు కారణం.

ఇక మీరడగబోయే ప్రశ్న. నీకు తగిలితే ఏం చేస్తావు? నిజం చెప్పాలంటే ఊరికి చెప్పను. ఫొటో దిగను, అట్ట చెక్కు పట్టుకోను, పేరు దాచుకునే వీలుంటే దాచుకుంటాను. అది అబద్ధమూ కాదు, పిసినారితనమూ కాదు. తొమ్మిది విషయాలు బయటపెట్టకూడదని పాత శ్లోకం ఒకటుంది కదా, అందులో ఆయుస్సు తరవాత రెండోది ధనమే. అదే జాబితాలో దానం కూడా ఉంది, గమనించారా? ఉన్నదీ చెప్పొద్దు, ఇచ్చిందీ చెప్పొద్దు అన్నారంటే, చెప్పకపోవడం ఇవ్వకపోవడానికి సాకు కాకూడదనేగా. ఒకరి ఆసుపత్రి బిల్లు కట్టేసి వాళ్ళకు పేరు తెలియకుండా వచ్చేయడం కన్నా సుఖం నాకు తోచదు.

కానీ ఇంట్లో చెబుతాను. ఆ రాత్రే, భోజనాల దగ్గరే చెబుతాను. తోబుట్టువులకు కూడా నా నోటితో నేనే చెబుతాను. "ఇంత వచ్చింది, నీకు ఇంత ఇవ్వగలను, ఇంతకు మించి ఇవ్వలేను" అని ఒకేసారి చెప్పేస్తాను. కష్టమే. మన మొహమాటాలకు ఆ మూడో ముక్క గొంతు దాటదు. అయినా ఇవ్వనందుకు వచ్చే కోపం ఏడాదికో రెండేళ్ళకో చల్లారుతుంది. చెప్పనందుకు వచ్చింది నాలుగేళ్ళు ఉండటం నేను చూశాను. అమ్మదైతే ఎన్నేళ్ళు ఉందో నేను లెక్కపెట్టలేదు.

బాబాయికి ముందే చెప్పి ఉంటే ఆయన 2,000 అడిగేవాడు, నిజమే. నాన్నగారు ఇచ్చి ఉండేవారు, తిరిగి వచ్చేవి కావేమో. అయినా ఆ అరుగు మీద కాఫీ చల్లారేది కాదు.

ఇక్కడ ఇంకో సంగతి మరిచిపోకముందు రాయాలి. మొన్న మా ఎదురింటి మాస్టారుగారికి వాట్సాప్‌లో 25 లక్షల లాటరీ తగిలిందని సందేశం వచ్చింది, కౌన్ బనేగా కరోడ్‌పతి బొమ్మతో సహా. ఆయన ఏ టికెట్టూ కొనలేదు. ఫోను చేస్తే అవతలివాడు మొదట చెప్పిన మాట "ఎవరికీ చెప్పకండి సార్, చెబితే బహుమతి రద్దవుతుంది" అని. ఆ తరవాత పన్ను కింద ముందు 12,000 పంపమన్నాడు. మాస్టారుగారు నాలుగు రోజులు నిజంగానే ఎవరికీ చెప్పలేదు. అయిదో రోజు వాళ్ళావిడకు చెప్పబట్టి డబ్బు దక్కింది. మీకూ వస్తే వెంటనే ఇంట్లోవాళ్ళకు చెప్పండి. పోలీసులకు చెప్పాలంటే 1930 నంబరు ఉంది.

ఆ తిరువనంతపురం అబ్బాయి సంగతి ఏమైందని అడుగుతారని తెలుసు. బాగానే ఉన్నాడట. తరవాత తనే లాటరీ టికెట్ల దుకాణం పెట్టుకున్నాడు. కథలన్నీ పావం దగ్గర ఆగిపోవు.

మరి మీరైతే ముందు ఎవరికి చెబుతారు? ఎవరికి చెప్పరు? ఆ రెండో ప్రశ్నకు జవాబు మొహమాటం లేకుండా రాయండి. పేరు వేయొద్దంటే వేయను, ఊరు కూడా వేయను. మోకాళ్ళ సంగతి, మనవల సంగతి కూడా రాయడం మరవకండి.

ఇంటికొచ్చాక నా టికెట్టు ఫలితం చూశాను. ఏమీ తగల్లేదు. తగిలినా ఈవిడ ఇలాగే రాస్తుంది అనుకుంటున్నారు కదూ? అనుకోండి. సూరమ్మ మనవరాలు ఇప్పుడు మా వీధిలోనే కూరలమ్ముతోంది, నేనింకా బేరమాడుతూనే ఉన్నాను.

ఉంటాను,
మీ స్నేహితురాలు